తాత చొక్కా మీద రెండు గీతలు

స్కూలు వాళ్లకు ఫాన్సీ డ్రెస్ సంగతి ఎప్పుడూ శనివారం మధ్యాహ్నమే గుర్తొస్తుంది. అదీ మనం అన్నంలో చారు పోసుకున్నాక. "సోమవారం పోటీ. విషయం: మా ఇంటి హీరో. తల్లిదండ్రులు సహకరించగలరు" అని మెసేజ్. మా చారు చల్లారిపోయింది. సహకారం మొదలైంది.

నేను చైత్రకు మామని. ఉద్యోగం దొరికేదాకా బెంగళూరులో అక్కాబావల ఇంట్లో ఉంటున్నాను. దొరకడానికి కొంచెం టైం పడుతోంది. చైత్ర ఐదో క్లాసు.

"హీరో కోసం వెతకల్లనా? మా నాయన ఉండాడు కదప్పా!" అన్నాడు దేవరాజ్ బావ, గోడ మీద ఫొటో చూపిస్తూ.

బావ వాళ్ల నాన్న వెంకటరాయప్ప మిలిటరీలో పనిచేశాడు. బావ ఉయ్యాల్లో ఉండగానే పోయాడు. ఎక్కడో కొండల్లో రోడ్డు వేస్తుంటే మట్టి విరిగి మీద పడింది.

మామూలుగా మనిషి పోతే ప్రమోషన్లు ఆగిపోతాయి. మా బావ ఇంట్లో ఆగలేదు. బావ పెళ్లిచూపులప్పుడు ఆయన సుబేదార్. ఇంటి స్థలం కొన్నప్పుడు కెప్టెన్. గృహప్రవేశం నాటికి గేటు పక్కన నల్లరాతి మీద "మేజర్ వెంకటరాయప్ప నిలయ" అని చెక్కించారు. జనరల్ కూడా అయ్యేవాడే. రాయి మీద ఇక మార్చడానికి వీల్లేకపోయింది.

ఆదివారం పొద్దున బావ మేజర్ సామాను కొనడానికి చిక్కపేట వెళ్లాడు. కదిరమ్మ అవ్వ, అంటే తాత భార్య, ట్రంకు పెట్టె తెరిచింది. వెలిసిన ఆకుపచ్చ చొక్కా ఒకటి తీసి చైత్ర చేతిలో పెట్టింది.

"భద్రం తల్లీ. మీ తాతది ఇదొక్కటే ఉండాది" అని చెప్పి కూరగాయలకు వెళ్లింది.

చైత్ర చొక్కాను అటూ ఇటూ తిప్పి చూసింది. కుడి చేతి మీద ఒక పట్టీ కుట్టి ఉంది. అది ఇంగ్లీషు 'వి' లాంటి రెండు గీతలే, ఒకదాని కింద ఒకటి, మొన కిందికి తిరిగి. వాళ్లమ్మ ఫోన్ తీసుకుని ఏదో వెతికి నా దగ్గరకొచ్చింది.

"మామా, ఒక గీత అయితే లాన్స్ నాయక్ అంట. రెండైతే నాయక్. మూడైతే హవల్దార్. మేజర్‌కి చేతి మీద గీతలే ఉండవంట. భుజం మీద సింహాలుంటాయంట."

నేను పేపర్లో ఉద్యోగాల పేజీ చూస్తున్నాను. అంటే పేపరు మొహం మీద కప్పుకుని ఉన్నాను. "ఊఁ" అన్నాను.

"అయితే తాతకి ఎవరో తప్పు కుట్టేసినారు. దారం చూడు మామా! చొక్కా ఆకుపచ్చ, దారం నీలం. పని తెలీనోళ్లు ఎవరో కుట్టినారు. పాపం తాత!"

"ఊఁ."

చైత్ర బ్లేడు తెచ్చింది. ఒక్కో కుట్టూ తెంపి పట్టీ ఊడదీసి పక్కన పెట్టింది. దారం ముక్కలు ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. ఇంతలో చెత్త బండి పాట పెట్టుకుని వచ్చింది. బుట్ట పట్టుకెళ్లి దాంట్లో బోర్లించింది. ఆ ఇంట్లో ఎవరూ అరవకుండా చెత్త బయటికి వెళ్లడం అదే మొదటిసారి.

అవ్వ సంచీతో వచ్చింది.

"అవ్వా, తాత చొక్కా తప్పు సరిచేసినాను!"

అవ్వ చొక్కా అందుకుంది. చేతి మీద గుడ్డ అంతా వెలిసిపోయి ఉంది. పట్టీ ఉన్నచోట మాత్రం రంగు పోలేదు. ముదురుగా, అదే ఆకారంలో రెండు గీతలు.

"దారం యాడ పెట్టినావు?"

"చెత్త బండిలో ఏసేసినా."

అవ్వ మెట్టు మీద కూర్చుండిపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటే చైత్రకు బాగుండేది.

"అది కుట్టింది నేనే" అంది చివరికి. "నాయక్ అయినాడని ఈ పట్టీ జోబిలో పెట్టుకోని లీవులో వచ్చినాడు. అందరికీ చూపించి చూపించి మురిసిపోయినాడు. కుట్టల్లంటే ఇంట్లో పచ్చ దారం లేదు. నా రవిక కుట్టిన నీలం దారం ఉండాది. దాంతోనే కుట్టినా. మొన పైకి పెట్టి కుట్టేసినా ఫస్టు."

"మరి తాత ఏమన్నాడు?"

"ఒకటే నవ్వు. 'ఇంటికప్పు ఏసినావు కదే, మొన కిందికుండల్ల' అన్నాడు. విప్పి మళ్లీ కుట్టినా. 'ఆడ దర్జీతో పచ్చ దారం ఏపించుకో' అని చెప్పి పంపించినా. ఏపించుకోలేదు. పెట్టె ఒకటే ఇంటికొచ్చింది. తెరిస్తే అదే దారం."

నాకు తెలిసినదొకటి ఉంది. ఈ గీతలకు ఇంగ్లీషులో షెవ్రాన్ అని పేరు. ఫ్రెంచి వాళ్ల మాట. ఇంటికప్పు వాసం అని అర్థం. అమెరికా సైన్యంలో మొన పైకే ఉంటుంది. ఇంగ్లీషు వాళ్లు కిందికి పెట్టారు, మనకూ అలాగే వచ్చింది. అవ్వ మొదట కుట్టింది అంత తప్పేం కాదు. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచాను. అక్క నేత్రావతి నా వైపు ఒక చూపు చూసింది. మూసుకున్నాను.

అప్పుడే బావ వచ్చాడు. "మేజర్ సెట్టు! బెల్టు ఫ్రీ!"

చైత్ర ఎదురెళ్లింది.

"అప్పా, తాత మేజర్ కాదంట. నాయక్ అంట."

"సుమ్నే ఉండు పుట్టీ, మాట్లాడొద్దు. ఎవరు చూడొచ్చినారు?"

"నేను చూసినాను" అంది అవ్వ. "నాయక్ అయిన పొద్దు ఆయప్ప ఎంత మురిసినాడో చూసినాను. ఆయప్పకి చాలింది. మీకే చాల్లేదు."

బావ సింహాల ప్యాకెట్టును జేబులోకి తోసేశాడు.

సోమవారం నేనూ స్కూలుకు వెళ్లాను. చొక్కా చైత్రకు మోకాళ్ల దాకా వచ్చింది. సింహాలు లేవు, బెల్టు లేదు. ఒట్టి చేయి మైకు ముందు పైకెత్తింది.

"మా తాత నాయక్ వెంకటరాయప్ప. ఇక్కడ రెండు గీతలు ఉండె. మా అవ్వ కుట్టింది. తప్పనుకోని నేనే పీకేసినాను. ఈ గుర్తు మాత్రం పోలేదు."

ఇంకేదో చెప్పబోయింది. ఆ గుర్తునే ఒకసారి తడిమింది. దిగిపోయింది. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్ వేషం వేసిన పిల్లాడికి వచ్చింది.

ఇంటికి రాగానే చైత్ర కాగితం మీద "నాయక్" అని రాసి, గేటు పక్క రాతిమీద "మేజర్" పైన టేపుతో అంటించింది. సాయంత్రం గాలికి ఒక మూల లేచింది. బావ ఆఫీసు నుంచి వచ్చి చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత ఆ మూలను బొటనవేలితో నొక్కి అంటించి లోపలికి వచ్చాడు.

ఇప్పుడు నా కష్టం వినండి. ఆ పట్టీ మళ్లీ తనే కుట్టాలని చైత్ర నా పాత చొక్కాల మీద కుట్టు నేర్చుకుంటోంది. నా జేబులన్నీ మూసుకుపోయాయి. అది ఫరవాలేదు. చిక్కపేటలో నన్ను తిప్పని దారాల అంగడి లేదు. రోజూ ఒక నీలం ఉండ తెచ్చి అవ్వ ఒళ్లో పెడుతుంది.

"ఇదా అవ్వా?"

అవ్వ వెలుతురులోకి పట్టి చూస్తుంది. "ఇది కాదు తల్లీ" అంటుంది, మెల్లగా.

చైత్ర మర్నాడు మళ్లీ బయలుదేరుతుంది. ఆ దారం ఇక దొరకదని నాకు తెలుసు. అవ్వకూ తెలుసు. చైత్రకు ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా వద్దా? మీ అమ్మమ్మల కుట్టు డబ్బాల అడుగున పాత నీలం దారం ఏదైనా ఉందేమో కాస్త చూడండి. లేకపోతే ఏం చేయాలో మీరైనా చెప్పండి. చైత్ర చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను పిలుస్తోంది.