ఎర్ర రుమాలు పిల్ల కన్నీరు

"అక్కా, ఆ బొమ్మ ఏడుస్తాండాది. నెత్తురు కారుస్తాండాది. నేనే మంత్రం పెట్టినానంటాది మామా."

అంతమాత్రం చెప్పి సంజీవమ్మ గుమ్మంలోనే కూలబడింది. కువైట్‌లోని రిగ్గైలో టైపింగ్ సెంటర్ పైనున్న ఆ గదిలో ప్రైవేటు పరిశోధకురాలు గంగారత్నం టీ గ్లాసు పక్కన పెట్టింది. కడపలో పోలీసు వేలిముద్రల విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. ఎవరినైనా ముఖం కంటే ముందు చేతులు చూస్తుంది. సంజీవమ్మ వేళ్ల సందుల్లో ఎరుపు ఉంది.

"కడుక్కోలేదామ్మా?"

"రెండు దినాలాయ. బొమ్మ తుడిస్తే అంటింది. సబ్బు పెట్టి రుద్దినా పోలా."

ఆమెను తీసుకొచ్చిన నిస్సీ మిగతాది చెప్పింది. నిస్సీ నర్సు. సంజీవమ్మ పనిచేసే ముబారక్ అల్ కబీర్‌లోని ఇంట్లో ముసలావిడకు ఇంజక్షన్లు ఇస్తుంది; ఆ ఇంటి యజమానురాలినే పనివాళ్లు మామా అంటారు. తీరిక దొరికితే గంగారత్నానికి సాయం.

"సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పజెబుతారంటండీ. చేతబడి కేసంటే జైలేనండి. ఎనిమిదేళ్ల చాకిరీ చేసిన మనిషండీ!"

నిస్సీ ఫోన్లో బతిమాలితే, బొమ్మ చూసిపోవడానికి మామా ఒప్పుకుంది. మధ్యాహ్నం ముగ్గురూ ఆ ఇంటికి చేరారు. పెద్ద హాల్లో తెరలన్నీ దించి ఉన్నాయి. బుఖూర్ ధూపం దట్టంగా కమ్ముకుంది. దాని అడుగున మరేదో నూనె వాసన. గోడ మీది చిత్రంలో ఒక పల్లెటూరి పిల్ల, తలకు ఎర్ర రుమాలు, వెనక బూడిదరంగు చెరువు. రుమాలు అంచు నుంచి ఎర్రటి చార ఒకటి కంటి పక్కగా దిగి పెదవి మూల ఆగింది.

నిస్సీ గొంతు తగ్గించింది. "నిన్న చెంప దగ్గరే ఉందండీ."

డ్రైవర్ నూర్ మహమ్మద్ గడప దాటలేదు. "నేను రానమ్మా. ఆ పిల్ల యాడికి పోయినా నన్నే చూస్తాది."

"నీలో చూసేదానికి ఏముందని?" అంది గంగారత్నం. అతను నవ్వబోయి బొమ్మ వంక చూసి మానుకున్నాడు.

మామా అరబ్బీలో చెప్పింది. "ఆండర్స్ జోర్న్ వేసిన బొమ్మ. స్వీడన్‌లో ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. నా భర్త స్టాక్‌హోంలో కొన్నాడు. నూరేళ్లు దాటింది. ఎన్నడూ ఏడవలేదు. ఈ సంజీవమ్మ పెట్టెలో ఎర్రపొడి దొరికింది."

"కుంకుమ మామా! మా అత్త చేసిచ్చింది."

మామా కూతురికి బొమ్మలు నేర్పే టీచర్ యాస్మిన్ మెల్లగా కలగజేసుకుంది. "ఆయన బొమ్మల్లో ప్రాణం ఉంటుందంటారు. అలాంటి దాని ముందు ఎర్రపొడి పెడితే ఊరుకుంటుందా?"

"వేసవంతా ఈ గది ఎట్లుండె?" గంగారత్నం సంజీవమ్మను అడిగింది.

"తాళమేసి ఏసీ ఆపిరి. మామావాళ్లు టర్కీ పోయిరి. ముసలామె, నేను వెనక గదుల్లో ఉంటిమి. మొన్న తలుపు తీస్తే ఇట్లుండె."

"అంతకుముందు దీన్ని ఎవరన్నా దించినారా?"

నూర్ మహమ్మద్ బదులిచ్చాడు. "జూన్‌లో ఫ్రేము పురుగు పట్టిందని టీచరమ్మ తీసుకుపోయింది. పది దినాలకు తెచ్చింది. నేనే మోసినా."

గంగారత్నం మేడ మీద పాఠాల గది చూసింది. ఈజిల్ మీద మామా కూతురు సగం వేసిన సముద్రం. పక్కన యాస్మిన్ రంగుల పెట్టె. తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ట్యూబులు నొక్కి నొక్కి చప్పిడిగా ఉన్నాయి. నీలం మూత విప్పనే లేదు.

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. వంటింటి నుంచి నిమ్మకాయ తెప్పించి, సంజీవమ్మ కుంకుమ మీద రెండు చుక్కలు పిండింది. ఎరుపు పసుపుగా మారింది.

"పసుపుతో చేసిన కుంకుమ పులుపు తగిలితే ఇట్లే అవుతాది." సంజీవమ్మ వేళ్ల మీద పిండింది. ఎరుపు మారలేదు. "ఇది కుంకుమ కాదు, నెత్తురూ కాదు. నూనెరంగు. నూరేళ్ల కిందటి నూనెరంగు ఎండి రాయి మాదిరి అయిపోతాది. చేతికంటదు. అంటిందంటే ఈ బొమ్మ కొత్తది. మందంగా పూసిన పచ్చిరంగు, ఏసీ లేని గదిలో ఆగస్టు వేడికి జారడం మొదలుపెట్టింది."

మామా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "మరి నా బొమ్మ?"

"జూన్‌లో పోయింది, తిరిగి రాలేదు. జోర్న్ చాలా బొమ్మలు నాలుగే రంగులతో వేసేవాడు. తెలుపు, పసుపుమన్ను, ఎరుపు, నలుపు. నకలు చేసేవాళ్లకూ ఆ నాలుగే అయిపోతాయి. సముద్రం నేర్పే టీచరమ్మా, మీ పెట్టెలో నీలం ఎందుకు విప్పలేదు?"

యాస్మిన్ తల పైకెత్తలేదు. "ఆరుతుందనుకున్నా... కారిందని తెలిసేసరికి, ఇంకెవరూ చెయ్యి పెట్టి చూడకుండా మంత్రం మాట అన్నా. అసలుది నా గదిలోనే ఉంది."

మామా ఫోన్ తీసి భర్తను, తర్వాత పోలీసులను పిలిచింది. ఆపైన నిస్సీ పక్కన నిలబడ్డ సంజీవమ్మ వైపు తిరిగింది.

"ఖలాస్. జరిగింది మర్చిపో. వెళ్లి టీ పెట్టు."

సంజీవమ్మ కదల్లేదు.

"ఈ బొమ్మ వేసినాయన తల్లి కూడా కూలికి పోయేదంట. నిస్సీ చెప్పింది. బిడ్డను అవ్వాతాతలే సాకినారంట, నా బిడ్డ మాదిరి." ఆమె మామా వైపు తిరిగింది. "నన్ను జైలుకిస్తానంటివి మామా. ఇంగ ఈ ఇంట్లో నాకు కన్ను మూతపడదు. వేరే చోట పనికి పోయేదానికి రిలీజు కాగితం ఇయ్యి. ఎగైలాలో వేరే ఇల్లు చూసుకుంటా."

మామా ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత లేచి, పనివాళ్ల ఇఖామా, నివాస అనుమతి కాగితాలుండే సొరుగు తాళం వెతకడానికి లోపలికి వెళ్లింది.