లేవబోయే మెట్టు

ఇరవై రెండవ శతాబ్ది ఆరంభం. అరేబియా సముద్రపు ఎడారి తీరాన, ఉప్పునీటిని మంచినీటిగా మార్చే కర్మాగారం చుట్టూ వెలసిన తెలుగు కాలనీలో సాయంత్రపు వినోదం సముద్రపు గతాన్ని చూడడమే. డాక్టర్ ఆదూరి హైమవతి నిర్మించిన ‘తీరదర్శిని’ కొండవాలుపై కాంతిచిత్రాన్ని పరచేది. లక్ష సంవత్సరాల నాటి అలలు ఇళ్ళకప్పులకు ఎంతో ఎత్తున నిశ్శబ్దంగా విరిగేవి.

ఆ కొండ మెట్లుమెట్లుగా ఉండేది. ఒక్కొక్క మెట్టూ ఒకనాటి సముద్రతీరమే. భూఫలకాల ఒరిపిడికి నేల కంపించినప్పుడల్లా తీరం కొంత పైకి లేచి, అల అందని ఎత్తున ఎండిపోయింది. వాన ఎరుగని దేశం గనుక, పైమెట్టులోని ఆల్చిప్పలు సైతం చెక్కుచెదరలేదు. రాతిలోని ఒత్తిడిని సెన్సర్లతో కొలిచి, తీరదర్శిని భవిష్యత్తును కూడా గణించగలదు.

ఆనాటి సాయంత్రం కాలనీ అంతా చూస్తుండగా హైమవతి దానిని ముందుకు తిప్పింది. మరునాటి మధ్యాహ్నం భూకంపం! రేవు పక్కన సముద్రగర్భం రెండు నిలువుల ఎత్తు లేచి, ముత్యపుచిప్ప లోపలివలె మెరిసింది. ఆ వైభవానికి తానే ముగ్ధురాలై, ఆమె చిత్రాన్ని అక్కడే ఆపివేసింది.

“రేపు తెల్లవారగానే అందరూ పైమెట్టుకు చేరాలి,” అని ఆదేశించింది.

తెల్లవారింది. పైమెట్టు మీద ఒక్కరూ లేరు. కాలనీ అంతా పడవలలో తిరుగుతూ, సున్నం పూసిన హద్దురాళ్ళను నీటిలోకి దింపుతున్నది.

“ఏమిటిది, మస్తాన్?” అని ఆమె రేవు సూపర్‌వైజరును గద్దించింది.

“ముందు రాయేసినోడిదే గదా మేడమ్ నేల! నెల్లూర్లో మా నాయన లేటుగా పొయ్యి రోడ్డు పక్క బిట్టు పోగొట్టుకున్నాడు. మీక్కూడా ఒకటి ఆపిపెట్టినా, ఈస్టు ఫేసింగు.”

“నేల లేచిన వెంటనే పెద్ద అల వస్తుందయ్యా!”

“అల వస్తది, పోతది. నేలేడికి పోద్ది?”

కొండ మీది నుండి తీరదర్శిని యంత్రం మర్యాదగా అడిగింది: “డాక్టర్, నిన్న మీరు ఆపిన చోటి నుండి చూపమంటారా?”

నిన్న అల రాకముందే చిత్రాన్ని ఆపేశానని హైమవతికి అప్పుడు తట్టింది. తల ఊపింది. నీటిపై కాంతి అల ఒకటి కొండంత లేచి, రాళ్ళన్నిటినీ ఊడ్చుకుపోతున్నట్టు కనిపించింది. “నా రాయి!” అని పడవపడవలోనూ కేక. ప్రాణాల మాట ఎత్తినవారు లేరు. అప్పుడామెకు దారి తోచింది.

“ఒక్క రాయీ మిగలదు! అల తగ్గిన తరువాత ముందుగా దిగగలిగేది పైమెట్టు మీదున్నవాళ్ళే!”

పడవలు ఒడ్డుకు పరుగెత్తాయి. ముసలివారిని సైతం భుజాలపై మోసుకొని అందరూ కొండెక్కారు.

మధ్యాహ్నం భూమి గర్జించింది. నీరు జలపాతాలై జారిపోతుండగా, సూర్యుని ఎన్నడూ చూడని నేల, నాచుతో, పగడాలతో, ఎగిరిపడే చేపలతో ఎండలోకి లేచింది. వెనుకనే వచ్చిన అల హద్దులన్నీ తుడిచి, ఇసుకమేట పరచి మరలిపోయింది. ఒక్క ప్రాణమూ పోలేదు. మస్తాన్ మోకాళ్ళపై వాలి దువాకు చేతులెత్తాడు.

లేచి, మెల్లగా అడిగాడు: “మేడమ్, దీని తర్వాతి మెట్టు ఏడ లేస్తదో చూపిస్తారా?”

“అది ఎనిమిది వందల సంవత్సరాలకు గాని లేవదు,” అన్నది యంత్రం.

“పర్లేదబ్బా,” అన్నాడు మస్తాన్, కొత్త నేలకు అవతల నల్లగా కదులుతున్న నీటినే చూస్తూ. “ఈసారి అందరికన్నా ముందు మనమే.”