రాయి ఎత్తే బటన్

మా ఇల్లు భోపాల్‌పట్నం బస్టాండు వెనక. మధ్యాహ్నం ఎండకు రేకులు టకటకమంటుంటే నేను ఇప్పపూలలో చెత్త ఏరుకుంటూ, నా మనవరాలు పూనం బటన్లు నొక్కుతూ టీవీలో ఆడే ఆట చూసేదాన్ని.

ఆ ఆటలో గుర్రం మీద ఒక వీరుడు. చంపాల్సిన వాళ్ళందరినీ చంపేశాడు. కథ అయిపోయిందని పేర్లు కూడా పడ్డాయి. అయినా పూనం ఆపలేదు.

"కథ అయినా దేశం ఉంటది గదవ్వా. తిరగొచ్చు."

తిరిగాడు వాడు. నాకు వాణ్ణి చూస్తే రోత పుట్టేది. దున్నడు, కట్టె కొట్టడు, ఆకలి లేదు. పనైపోయిన మనిషి ఇంటికి పోవాలి గదా, వాడికి ఇల్లు కూడా లేదు. దారిన పోయే ముసలోళ్ళను గుర్రంతో గుద్దించి పూనం నవ్వేది.

"బొమ్మలే అవ్వా. ఎన్నిసార్లు పడ్డా అదే మాట అంటరు. థూ!"

నాలుగో రోజు ఆ దేశం చివర, అడవి దారిలో, ఒక రాళ్ళ కుప్ప కనిపించింది. నా చెయ్యి ఆగింది. మా అడవిలో మనిషి చచ్చిన చోట అట్లాంటి కుప్పే ఉంటుంది. దాటిపోయే ప్రతివాళ్ళూ ఒక రాయి వేసి పోతారు. వెయ్యకపోతే ఆ చచ్చినవాడు వెంట వస్తాడు.

"రాయి వెయ్యి బిడ్డా."

"రాయి ఎత్తే బటన్ లేదవ్వా!" పగలబడి నవ్వింది. "తన్నే బటన్ ఉంది. నొక్కాల్నా?"

నొక్కింది. వీరుడు కుప్పను తన్నాడు. ఒక్క రాయీ కదల్లేదు. అప్పటిదాకా ఆటలో కూసిన పిట్టలు మాత్రం ఆగిపోయాయి. కుప్ప వెనక ఒక చెక్క, దాని మీద ఏవో గీతలు.

"ఏందియి? అంగ్రేజీ కాదు, హిందీ కాదు..." అంది పూనం.

దానిది హిందీ బడి. నేను అరవై దాటాక, గోదావరి అవతల మా చెల్లెలింట్లో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. కళ్ళజోడు పెట్టుకొని టీవీ దగ్గరికి పోయి కూడబలుక్కున్నాను.

రా... యి... వె... య్యి...

ఆ చెక్క మీద ఏముందో చెప్పాను.

"ఎక్కడో విదేశపోళ్ళ ఆటల తెలుగెందుకుంటది? నాలుగక్షరాలు వచ్చేసరికి గోడ మీద చెమ్మ కూడా చదువుతున్నవ్ నువ్వు!" టీవీ కట్టేసింది.

మర్నాడు పొద్దున దాని ప్రయాణం. జగదల్‌పూర్ ఆస్పత్రిలో నర్సు కొలువు. మా వంశంలో మొదటి కొలువు. బస్సు ఎక్కేముందు దాని సంచిలో ఒక ఎర్రరాయి పెట్టాను.

"దారిలో ఎక్కడ కుప్ప కనబడినా వెయ్యి, బిడ్డా."

అది రాయి తీసి రోడ్డు మీద విసిరింది. "నీ దయ్యానికి నువ్వే వేసుకో!"

బస్సు పోయింది.

పన్నెండింటికి ఫోన్ మోగింది.

"అవ్వా..." గొంతు సన్నగా ఉంది. "టైరు పోయిందని అందర్నీ దింపిన్రు. దారి పక్కన... అదే కుప్ప. అదే చెక్క."

"రాయి వెయ్యి! ఇప్పుడే!"

"అందరూ వేసిన్రు. నేనే..." ఊపిరి వినిపించింది. "వంగుతున్నా అవ్వా. వంగుతున్నా... చెయ్యి రాయిని పడతలేదు."

"కండక్టర్ని పిలువు, బిడ్డా."

"పిలిచిన. ఒకటే మాట అంటున్నడు. ఎన్నిసార్లు అడిగినా... అదే మాట."

"ఏం మాట?"

ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. బస్సు చప్పుడు లేదు, మనుషుల సందడి లేదు, ఒక్క పిట్ట కూడా కూయడం లేదు.

గుర్రం గిట్టల చప్పుడు వినిపిస్తోంది... ఏ తొందరా లేని వాడిలా, నింపాదిగా, దగ్గరగా.