నాలుగో పూటబొమ్మ

మూడో పూటబొమ్మ శుభం దాకా రాకముందే సుభాషిణి తీర్పు చెప్పేసింది.

"దయ్యం బాగా నటించింది. మిగతావాళ్ళే బతికున్నట్టు లేరు."

"తీర్పు అందింది. కరిగిస్తున్నాను," అంది పైకప్పులోంచి అల్లిక.

తెర మీది దయ్యం, పాడుబడ్డ మేడ, మేడ కిటికీలో చంద్రుడు, అన్నీ రంగుల ముద్దయి కింది కొలిమిలోకి జారిపోయాయి. ఆ ముద్దలో సుభాషిణి లాంటి తీర్పరుల మాటలు కూడా కలుపుకుని అల్లిక అనే యంత్రం రేపటి బొమ్మలు నేస్తుంది. ఈ దయ్యం బొమ్మ నిన్న సాయంత్రం విశాఖలో ఎవరింట్లోనో ఒక్కసారి ఆడింది. ఇక ఎవరికీ కనబడదు. చూసిన బొమ్మనే మళ్ళీ చూడటమనే అలవాటు జనానికి ఎప్పుడో పోయింది. రోజూ కొత్తది వేడివేడిగా ఇంటికి వస్తుంటే పాతదానితో ఎవరికి పని?

తీర్పు రెండు ముక్కలు దాటకూడదు. దాటితే అల్లికకు అరగదు. అందుకే సుభాషిణికి ఇంట్లో కూడా పొడుగ్గా మాట్లాడటం చేతకాకుండా పోయింది. పొద్దున మొదటి బొమ్మకు, "అన్నదమ్ములిద్దరూ పొలం కోసం ఊరంతా నరికారు. ఆ పొలానికి నీళ్ళు పెట్టినవాడు ఒక్కడూ లేడు," అంది. రెండోదానికి, "వానలో ప్రేమించుకున్నది వాళ్ళు. జలుబు చేసింది నాకు." అల్లికకు వెటకారం తెలుస్తుందో లేదో ఆమెకు ఇన్నేళ్ళయినా అంతుపట్టలేదు. ఎంత తిట్టినా "తీర్పు అందింది" అనే మర్యాద ఆమెకు మొదటినుంచీ పడదు. తిడితే ఉడుక్కోనివాణ్ణి నమ్మకూడదని ఆమె సిద్ధాంతం.

నాలుగోది మొదలైంది. సంగీతం లేదు, పేర్లు లేవు. ఇరుకు వంటగదిలో ఒకావిడ అట్లు పోస్తోంది. ఎన్నేళ్ళుగానో మాటల్లేని చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది, లోపలికి రావాలో వద్దో తెలియక. ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది:

"మొదటి అట్టు నాది, అదెప్పుడూ అంటుకుపోద్ది. నువ్వు కూకో. రెండోది నీది."

అని, కళ్ళెత్తి తెరకు కాస్త పక్కగా చూసింది. రెప్పపాటే. సరిగ్గా చెప్పానా అని ఎవర్నో అడిగినట్టు.

సుభాషిణి కుర్చీలో ముందుకు వంగింది. అల్లిక బొమ్మల్లో మనుషులు ఎటైనా చూస్తారు గానీ అటు చూడరు. అటు ఎవరూ ఉండరు కాబట్టి. ఈవిడ చూసిన చోట ఎవరో ఉన్నారు, బొమ్మ తీసే కెమెరా పట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని. ఇది చేతిబొమ్మ. ఎవరో మనుషులు తీసి దొంగతనంగా ఇళ్ళలోకి వదిలారు.

చేతిబొమ్మ కొలిమిలో పడితే నేత చెడిపోతుందని పైవాళ్ళ భయం. అలాంటిది కంటపడితే తీర్పరి "చెయ్యి ఉంది" అనాలి. అన్న మరుక్షణం అందులో కనిపించిన ముఖాలు చెల్లకుండా పోతాయి. ముఖం చెల్లకపోతే బస్సు తలుపు తెరుచుకోదు, పాలకేంద్రం పాలు పొయ్యదు, సొంత వాకిలే లోపలికి రానివ్వదు. తెలిసీ చెప్పకపోతే చెల్లకుండా పోయేది తీర్పరి ముఖం. చివరి గదిలో కూర్చునే గవరయ్యకు కిందటి నెల అదే జరిగింది. ఆయన జాలిపడి వదిలేసింది అసలు చేతిబొమ్మే కాదట. ఆయన్ని పరీక్షించడానికి అల్లిక నేసిన ఎర.

మరి ఇదేమిటి? ఇదీ ఎరేనా అనుకుంది సుభాషిణి. ఆ మధ్య ఏదో బొమ్మకు ఆమే ఒక తీర్పు చెప్పింది: "అందరూ చక్కగా ఉన్నారు. వీళ్ళను ఇష్టంగా చూస్తూ నిలబడ్డ మనిషే లేడు." ఆ మాట పట్టుకుని, ఆ లోటు పూడ్చి, తన కోసమే నేశారా ఆ చూపు?

తీర్పు చెప్పకుండానే భోజనానికి లేచింది.

పక్కగది తీర్పరి పైడిరాజు అప్పటికే క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు. ప్రతి బొమ్మనూ ఇద్దరు తీర్పరులు వేరువేరుగా చూడాలి. సుభాషిణి బొమ్మలకు రెండో మనిషి పైడిరాజే.

"ఏటి సుభాషిణమ్మా, నాలుగోది అయిపోనాదేటి?"

"సగంలో ఉంది. ఎందుకూ, అందులో ఏముంది?"

"ఏటీ లేదు. ఊరికే అడిగాను."

కందిపొడి గిన్నె ఆమె వైపు జరిపాడు. పైడిరాజు ఏనాడూ ఊరికే ఏదీ అడిగిన మనిషి కాదు. గవరయ్యకు కూడా ఇలాగే గిన్నె జరిపేవాడని గుర్తొచ్చి ఆమె గిన్నె ముట్టలేదు.

"తినవేటి?"

"ఆకలిగా లేదు పైడిరాజు గారూ."

అతను ఇంకేదో అనబోయి, పైకప్పు వైపు చూసి, మజ్జిగ కలుపుకున్నాడు.

గదిలోకి రాగానే అల్లిక పలకరించింది. "తీర్పు ఆలస్యమవుతోంది. చెయ్యి ఏమైనా కనిపించిందా?"

"ఇన్నేళ్ళలో ఏ బొమ్మకూ నువ్వు ముందుగా అడగలేదే?"

"ఏమీ లేదు. ఊరికే అడిగాను."

భోజనాల గదిలో మాట ఇక్కడికి ఎలా వచ్చింది? పైడిరాజు మోశాడా, కప్పే విందా? సుభాషిణికి నిజంగా భయం వేసింది. ఎవర్ని అనుమానించాలో తేలని భయం అది. ఒక్క మాట చాలు, తను క్షేమంగా ఇంటికి పోవచ్చు. ఆ అట్ల ఆవిడ మాత్రం రేపు పాలకేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడుతుంది. ఆవిడంటూ ఉంటే. "చెయ్యి లేదు" అంటే ఆవిడ బతికిపోతుంది గానీ ఆ చూపు కరిగి ముద్దలో కలుస్తుంది. ఎర అయితే తనూ పోతుంది.

ఎందుకో అమ్మమ్మ గుర్తొచ్చింది. బొమ్మలు కరగని రోజుల్లో అమ్మమ్మ ఒకే సినిమాకు పదేపదే తీసుకెళ్ళేది. తెర మీద హాస్యం రాకముందే నవ్వేసేది. ఇంకా ఏమీ కాలేదు కదా, ఎందుకు నవ్వుతున్నావని అడిగితే, "వస్తాదే, ఉండు," అనేది. నిజమో ఎరో తేల్చడానికి కాదు, అలా నవ్వడానికి సుభాషిణికి ఆ చూపు ఇంకోసారి కావాలనిపించింది. ఎర అయితే అయింది.

"మళ్ళీ చూడాలి," అంది.

"ఇది తీర్పుల్లో లేదు."

"తీర్పు కాదు. తీర్పు చెప్పాలంటే మళ్ళీ చూడాలి."

"అలాంటి పద్ధతి లేదు."

"తీర్పు లేకుండా కరిగించే పద్ధతి ఉందా?"

"లేదు."

"మరి వెయ్యి."

"చెయ్యి ఉందని అనుమానమా?"

"అనుమానం కాదు. నచ్చింది."

కప్పులోంచి సన్నటి గుర్రుమనే శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆ శబ్దం ఆమె ఇంతవరకూ వినలేదు. ఐదో బొమ్మ రాలేదు. "కొలిమి నిండలేదు," అంది అల్లిక. "రేపటి నేత మొదలుపెట్టలేను. వేచి ఉన్నాను." మొదటిసారి ఆ గొంతులో మర్యాద తప్ప ఇంకేదో ఉందనిపించింది. రేపు సాయంత్రం ఊళ్ళో తెరలన్నీ ఖాళీగా ఉంటే జనం ఎందుకని అడుగుతారు. అడిగేవాళ్ళు తన గుమ్మానికే వస్తారు. రానీ.

నాలుగోది మళ్ళీ మొదటినుంచీ మొదలైంది. తెర మీద పెనం వేడెక్కింది. చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. అట్టు మాట ఇంకా రాలేదు, సుభాషిణి పెదాలు అప్పుడే విచ్చుకున్నాయి. సరిగ్గా అప్పుడు గోడ అవతల, పైడిరాజు గదిలో, అల్లిక మర్యాదగా చెప్పడం వినిపించింది.

"అలాంటి పద్ధతి లేదు."

ఆ వెంటనే అటునుంచి కూడా పిండి సుయ్యిమన్న చప్పుడు. ఆవిడ నోరు తెరవకముందే పైడిరాజు నవ్వాడు.