నాలుగో మలుపులో అడుగులు

మూతపడిన పాత బడి వెనకాల ఒక మైదానం ఉంది. దాని చుట్టూ పరుగు బాట, బాటకి నాలుగు మలుపులు. మూడు మలుపులతో ఎవరికీ పేచీ లేదు. నాలుగోదాని పేరెత్తితే మాత్రం... పాలు వేసే మనిషి కూడా సైకిలు తిప్పేసి చుట్టుదారిన పోతాడు.

చీకటి విడవకముందు అక్కడ ఒంటరిగా పరిగెడితే, వెనకాల ఇంకో జత కాళ్లు పరిగెడతాయంటారు. మనం ఆగితే అవీ ఆగుతాయి. కాకపోతే... ఒక్క అడుగు ఎక్కువ వేసి ఆగుతాయి.

ఆ ఒక్క అడుగే మనిషి ప్రాణాలు తోడేస్తుంది.

ఇది నా చెవులతో విన్నది కాదు. మా అక్క చెప్పింది. మా అక్క అబద్ధాలాడే మనిషి కాదు. జన్మలో ఒక్కసారి నిజం దాచింది — ఆ ఒక్కదానికే ఈ కథంతా.

అక్క దర్జీ. బజారులో మేడమెట్ల కింద కొట్టు. రెండు మిషన్లు, గుడ్డ కోసే బల్ల, బల్ల అంచుకి బిగించిన ఇనప స్కేలు, ఒక నిలువుటద్దం. పొద్దుట కూర్చుంటే రాత్రికి లేస్తుంది. అలా కూర్చుని కూర్చుని బాగా ఒళ్లు చేసింది. బావ లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే హాస్యం.

"పెళ్లినాడు ఒక్కదాని చెయ్యే పట్టుకున్నాను. ఈ రెండో ఆవిడ ఎప్పుడొచ్చిందే?"

అక్క నవ్వేసి ఊరుకునేది. డాక్టరు మాత్రం నవ్వలేదు. రిపోర్టులు చూసి, "పన్నెండు కిలోలు తగ్గాలి" అన్నాడు. నడకా, మెల్లగా పరుగూ మొదలుపెట్టమన్నాడు.

పక్కింటి నర్సు వదిన పద్ధతి చెప్పింది. "ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మొదట్లోనే గుర్రంలా ఉరకొద్దు. పరిగెడుతూ మాట్లాడగలగాలి. నోట మాట రావట్లేదంటే జోరెక్కువైందన్నమాట."

"ఎవరితో మాట్లాడనే?"

"నీతో నువ్వే మాట్లాడుకో. కొట్లో చేసేది అదేగా!"

మొదటిరోజు వీధిలోనే పరిగెత్తింది. నాలుగిళ్లు దాటిందో లేదో, అరుగు మీద పేపరు చదువుకుంటున్న ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. "ఏమైందమ్మా? ఎవడు తరుముతున్నాడు?"

అక్క ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేసింది. మర్నాటి నుంచి మైదానానికి పోతానంది, తెల్లారుజామున నాలుగున్నరకి. "దెయ్యాలకి నన్ను చూసి నవ్వే తీరికుండదులే" అంది.

"అక్కా, అక్కడ కళ్లజోళ్ల పిల్ల..." అన్నాను.

బూట్ల తాడు కడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. "నోర్ముయ్" అంది. నా మొహం చూడలేదు.

కళ్లజోళ్ల పిల్లంటే కళ్లజోళ్ల షాపులో పనిచేసిన అమ్మాయి. బుగ్గన సొట్ట, ఎప్పుడూ నవ్వే. ఒకసారి నాకు గులాబీ రంగు ఫ్రేము పెట్టి, "అబ్బ, నిన్ను చూసి ఎవడో పడిపోవడం ఖాయం" అంది. నేను ఆ మాట వారం రోజులు తలుచుకున్నాను. నిరుడు తనకి పెళ్లి కుదిరింది. ఇంకా యాభై రోజులున్నాయనగా సన్నబడాలని పరుగు మొదలుపెట్టింది. తిండి మానేసింది. పెళ్లి పదిరోజుల్లోకి వచ్చిందనగా ఒక తెల్లారుజామున నాలుగో మలుపులో పడిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు.

అప్పుడు నేను ఎన్ని రాత్రులు ఏడ్చానో. చుక్కలు చూస్తూ, పెళ్లికొడుకు మొహం తలుచుకుంటూ పరిగెత్తి ఉంటుంది కదా అనుకునేదాన్ని. ప్రేమ కోసం పోయిందనుకున్నాను. నాకేం తెలుసు...

అక్క పరుగు సాగింది. మొదటివారం నిమిషం పూర్తయ్యేసరికి డొక్కలో పోటు, నోట్లో తుప్పు రుచి. రెండోవారానికి నిమిషం రెండయింది. నర్సు వదిన చెప్పినట్టే తనలో తను మాట్లాడుకునేది.

"ఇంకో ముప్పై అంకెలు... అంతే... ఇవాళ గౌనుకి జిప్పు వెయ్యాలి... రెండు ప్యాంట్లు పొట్టి చెయ్యాలి... సాయంత్రానికి డ్రెస్సు ఇచ్చెయ్యాలి..."

నాలుగో మలుపు తిరిగింది.

"మరి నా డ్రెస్సు ఎప్పుడిస్తావక్కా?"

గొంతు వెనకాల నుంచి వచ్చింది. మెల్లగా... ఆయాసపడుతూ...

అక్క ఆగింది. వెనకాల అడుగులూ ఆగాయి. ఆగబోతూ — ఒక్క అడుగు ఎక్కువ.

ఆ రోజు అక్క ఇంటికి ఎలా వచ్చిందో తనకే తెలీదు. రెండ్రోజులు జ్వరం. మూడోరోజు నాలుగింటికి మళ్లీ లేచి బూట్లు తొడుక్కుంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"నీకు మతి పోయిందా? మళ్లీ అక్కడికేనా?"

"నేను వెళ్లకపోతే అది ఇక్కడికొస్తుందే" అంది అక్క గుసగుసగా. "దానికి నేను బాకీ ఉన్నాను."

"ఏం బాకీ?"

అక్క నన్ను పక్కకి నెట్టి వెళ్లిపోయింది.

ఆ పొద్దున పొగమంచు. బాట మీద నాలుగు గజాల అవతల ఏమీ కనపడదు. అక్క పరిగెడుతోంది. భయానికి నోట మాట రావడం లేదు, అయినా కాళ్లు ఆగడం లేదు. ఒకటో మలుపు... రెండు... మూడు...

నాలుగు.

టప్... టప్... టప్... వెనకాల.

"ఎంతొచ్చిందక్కా నా నడుము కొలత?"

అక్క పళ్లు బిగబట్టింది.

"చెప్పు. ఎంతొచ్చింది?"

"ముప్పై... ముప్పై ఒకటి."

"నిజం చెప్పు."

"ముప్పై ఒకటే రాశాను..."

"రాసింది కాదు. నిజం." గొంతు చెవి పక్కకి వచ్చింది. "నేను లావయ్యానా?"

అక్క మోకాళ్ల మీద కూలబడిపోయింది. ఏడాదిగా గొంతులో అడ్డం పడిన మాట అక్కడ, ఆ మట్టిలో, వెక్కిళ్లతో బయటపడింది.

"లేదు తల్లీ... నువ్వు లావవలేదు... నా టేపు సాగిపోయింది!"

దర్జీ పని తెలీనివాళ్లకి ఇది చిన్న విషయంగా ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే కొలత టేపు సాగుతుంది. సాగిన టేపుతో కొలిస్తే అంకె తగ్గి వస్తుంది. ముప్పై రెండున్న నడుము ముప్పై ఒకటంటుంది. గుడ్డ కోసేది టేపుతో అయితే తప్పుకి తప్పు సరిపోయేది. మా అక్క ఒంటి కొలత మెడలోని టేపుతో తీస్తుంది, గుడ్డ మాత్రం బల్లకున్న ఇనప స్కేలుతో కోస్తుంది. స్కేలు సాగదు కదా. అందుకే నిరుడు పెళ్లిళ్ల సీజనులో కుట్టినవన్నీ బిగుతే. "కాస్త ఒళ్లు చేశావమ్మా" అనేది అక్క. అందరూ సిగ్గుపడి నమ్మేవాళ్లు. తర్వాత లోపల వదిలిన గుడ్డ విప్పి వదులు చేసి ఇచ్చేది.

కళ్లజోళ్ల పిల్లది పల్చటి శాటిన్ పెళ్లి డ్రెస్సు. పట్టేసినట్టుండాలని లోపల గుడ్డ వదలనివ్వలేదు. తొడిగి చూసుకునే రోజు జిప్పు పైకి ఎక్కలేదు. కాబోయే అత్తగారు అక్కడే కుర్చీలో ఉంది. ఇంకో అరడజను మంది ఆడవాళ్లున్నారు.

"నా టేపు అబద్ధం చెప్పదు. పెళ్లి కుదిరిన సంబరంలో బాగా తిన్నావు పిల్లా" అంది అక్క. అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. "ఇప్పుడే ఇలా ఉంటే పెళ్లయ్యాక గుమ్మం పట్టదేమో" అంది.

ఆ రాత్రే అక్క కొట్టు మూసి, టేపుని స్కేలు పక్కన పరిచి చూసింది. చూసి — తేలు కుట్టిన దొంగలా దాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తలో పడేసింది. కొత్తది కొనుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే నలభై రోజులు గడిచాయి.

"నా తప్పే... నన్ను చంపెయ్..." అని అక్క నేలకి తల బాదుకుంటోంది.

మంచులోంచి బూట్లు వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. అక్క తలెత్తింది.

దెయ్యం కాదు.

నెరిసిన జుట్టు. బిడ్డ బూట్లు తొడుక్కున్న తల్లి.

కళ్లజోళ్ల పిల్ల వాళ్లమ్మ!

"డ్రెస్సు పట్టని మర్నాడే నాకు తెలిసింది" అందావిడ. "పక్కింటి టేపు తెచ్చి కొలిచాను. అంతకుముందు ఎంతుందో అంతే ఉంది. చెబితే నా మాట వినలేదు. 'నువ్వు అమ్మవి, అలాగే అంటావు. దర్జీ ఎందుకు అబద్ధం చెబుతుంది' అంది."

ఆవిడా పరుగు కొత్తగా నేర్చుకున్నదే. బిడ్డ పడ్డ చోట రోజూ నిలబడి నిలబడి, చివరి ఊపిరికి అది ఎంత అలిసిపోయిందో తెలుసుకోవాలని ఒకరోజు పరిగెత్తిందట. యాభై మూడేళ్ల వయసులో. ఇక మానలేకపోయింది. ఒకరోజు మంచులోంచి దర్జీ రావడం చూసింది. దర్జీ నోటితోనే నిజం చెప్పించాలన్న తన మొక్కు ఫలించిందనుకుంది, బిడ్డ గొంతు పెట్టి వెనకపడింది.

"నన్ను క్షమించండమ్మా."

"క్షమించను. ఆ మాట పదిమందిలో అన్నావు, ఇదీ పదిమందిలో చెప్పు. ఆ తర్వాత — నా పిల్ల పరిగెత్తినట్టు నువ్వూ పరిగెత్తు. నేను వెనకాలే వస్తాను. నేను చాలు అనేదాకా ఆగకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. చూశావా, మళ్లీ మొదటి చుట్టు నుంచి!"

అక్క రెండూ చేసింది. కొట్లో, అద్దం ముందు నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెప్పింది. సగంమంది రావడం మానేశారు. రోజూ నాలుగున్నరకి మైదానానికి పోయేది. తెల్లారేదాకా పరుగే. వెనకాల అడుగులు చాలు అనవు. తెల్లబడుతుండగా ఆవిడ కూలిన గోడ వైపు నుంచి వెళ్లిపోతుంది, అక్క గేటు వైపు నుంచి వస్తుంది. మాటా పలుకూ లేదు.

మూడు నెలలు. పన్నెండు కాదు, ఇరవై కిలోలు తగ్గింది. వీధిలో ఆడవాళ్లు "రహస్యం మాకూ చెప్పవే" అని వెంటపడేవాళ్లు. బావ ఈసారి హాస్యమాడలేదు. "ఇదేంటే, ఆ రెండో ఆవిడతోపాటు మొదటావిడ కూడా వెళ్లిపోతోంది" అని నా దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. మోకాళ్లు వాచిపోయాయి. డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి, "ఇంకొక్కరోజు పరిగెత్తినా నా పూచీ లేదు" అన్నాడు. అక్క వింటేనా!

"ఆవిడ చాలంటేనే" అంటుంది. "ఈమధ్య ఎంత జోరుగా వస్తోందో! నేనే అందుకోలేక చస్తున్నాను."

నిన్న నేను ఉండబట్టలేక ఆవిడ ఇంటికి వెళ్లాను. కాళ్లయినా పట్టుకుందామని. కడుపుకోత ఉన్న మనిషి ఇంకో ఆడపిల్ల ఏడిస్తే కరగదా అనుకున్నాను.

తలుపు తోసి చూస్తే మంచం మీద పడుకుని ఉంది. కుడికాలికి తొడ దాకా కట్టు.

"స్నానాలగదిలో జారానమ్మా" అంది. "మూడు వారాలైంది మంచం దిగి. మీ అక్క కాలు ఊపిరి పీల్చుకుని ఉంటుందిలే. నా పగ కూడా నా కాలితోనే విరిగిపోయింది. చాలని చెప్పు. ఇక పరిగెత్తొద్దని చెప్పు."



"అమ్మా..." అన్నాను. "ఇవాళ పొద్దున కూడా... అక్క వెనకాల..."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా, మోచేతుల మీద పైకి లేచింది. ఆ మొహంలో భయం లేదు. పండక్కి బిడ్డ ఇంటికొస్తోందని కబురు విన్న తల్లి మొహంలా వెలిగిపోయింది.

"జోరుగా వస్తోందన్నావా?"

తలూపాను.

చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ముసలి చేతిలో అంత బలం ఉంటుందని నేననుకోలేదు.

"ఇందాక నేనన్నది మీ అక్కకి చెప్పకు" అంది గుసగుసగా. "అది మానేస్తే... నా పిల్ల అక్కడ ఒక్కతే అయిపోతుంది."