ముందు మైకు, తర్వాత స్పీకరు

"అది అవ్వ మోకాళ్ళకు కాపడం పెట్టే ఉప్పు మూట. నీ ట్యాబ్ అద్దం ఊడదీసేదానికి కుట్టింది కాదు."

"ఒక్కసారే గదమ్మా. అద్దం కింద జిగురు మెత్తబడాలంటే వేడి తగలాల."

"ఒక్కసారికే గుడ్డ ఇంత మాడిందా?"

ఏసుమణి ఎత్తి పట్టుకున్న మూటకు చిల్లు పడి ఉంది. అందులోంచి ఉప్పు సన్నగా వసారా గచ్చు మీద రాలుతోంది. కాఫీల దగ్గర మొదలైన ఈ గొడవ టిఫిన్లు దాటి కూడా చల్లారలేదు.

కూతురు కెజియా కుర్చీలో ట్యాబ్ పట్టుకుని కూర్చుని ఉంది. అమ్మ మూట ఎత్తి చూపించి మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక్క క్షణం ముందే దానితో "హలో, మైక్ టెస్టింగ్" అని చెప్పి, రికార్డింగు ఆపడానికి తెర మీద కుడివైపున్న గుర్తును నొక్కింది. ఆ ట్యాబ్‌లో టచ్ ఇంకా కుదురుకోలేదు. కుడివైపు నొక్కితే ఒక్కోసారి ఎడమవైపు పలికేది.

"మూట సంగతి వదిలెయ్ మా," అన్నాడు అన్న కిషోర్ బాబు, బూట్ల లేసులు కట్టుకుంటూ. "ఎవుడో ముక్కూ మొహం తెలియనోడు ఫైలు పంపిస్తాడంట, ఈమె దాన్ని ఎక్కిస్తాదంట. దాంట్లో ఏం పెట్టినాడో ఎవురికి తెలుసు? మన బ్యాంకు వివరాలు, ఫోటోలు..."

"ఈ ట్యాబ్‌లో మన ఫోటోలు యాడుండాయి? దీనికి కెమెరానే పని చెయ్యదు."

"అదే నేనూ చెప్పేది. ఏదీ పని చెయ్యని దానికోసం నాలుగు నెలలుగా వాడెందుకు తంటాలు పడతాడు? ఏం లాభం లేకుండానే?"

కెజియాకు కోపం వచ్చింది. "ఆయన తెలియకపోతే తెలియదంటాడు. తప్పు చేస్తే తప్పు నాదే అంటాడు. ఈ ఇంట్లో ఆ రెండు మాటలు ఎవురి నోటన్నా విన్నానా నేను? నువ్వు తెచ్చిన సంబంధాల్లో ఒక్కడన్నా అన్నాడా?"

మంచం మీదనుంచి అవ్వ తీరిగ్గా అంది. "అయితే వాణ్ణే చేసుకోరాదా."

"మనిషి కళ్ళబడితే చేసుకుంటా."

వీధిలోంచి చర్చి సెక్రటరీ కృపాదానం గొంతు వినపడింది.

"లాజరస్ సారూ, ఆదివారం కమిటీలో ఆ ట్యాబ్‌ల సంగతి తేల్చేద్దాం. మన ఇందుకూరుపేట పాత సామాన్లాయనకు చెప్పి పెట్టినా."

తండ్రి లాజరస్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పేపరు మడిచి "అట్టనే" అన్నాడు. కెజియా మొహం వైపు చూడలేదు.

* * *

చర్చిలో సాయంత్రం ట్యూషను పిల్లలకోసం ఎవరో కంపెనీవాళ్ళు ఇచ్చిపోయిన ట్యాబ్‌లు అవి. తర్వాత ఆ కంపెనీ మూతబడింది. అప్పటినుంచి ఏ ట్యాబ్ ఆన్ చేసినా కంపెనీ పాస్‌వర్డు అడిగి అక్కడే ఆగిపోతుంది. బంగారంలాంటి వస్తువులు బీరువాలో పడి ఉన్నాయి. ఆ పిల్లలకు పాఠాలు చెప్పేది కెజియానే.

ఇలాంటి దిక్కులేని ట్యాబ్‌లకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకునేవాళ్ళ గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉందని తెలిసి అందులో చేరింది. లినక్స్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే పెద్ద కంప్యూటర్లకు ఎక్కినట్టు ఫోన్లలోలాగా ఆర్మ్ చిప్పులుండే ఈ చిన్న ట్యాబ్‌లకు ఎక్కదు. రెడీమేడ్ చొక్కా కాదు ఇది. ఒక్కో మోడల్‌కూ కొలతలు తీసి విడిగా కుట్టాలి.

ఆ గుంపు మొత్తం మీద తన మోడల్ ట్యాబ్ ఉన్న మనిషి ఇంకొక్కరే కనిపించారు. పేరు "హెచ్‌బి". ఊరు రాసుకోలేదు. ఇంగ్లీషులో రాస్తాడు. అతను కోడ్ రాసి పంపేవాడు, తను ఎక్కించి ఏది పలికిందో, ఏది పలకలేదో చెప్పేది. మొదట తెర వెలిగింది. తర్వాత వైఫై. ఇప్పుడు మైకు. స్పీకరు ఇంకా మూగగానే ఉంది.

ఆడపిల్లనని తెలిస్తే లేనిపోని మెసేజ్‌లు వస్తాయని, కెజియా అన్న పేరుతో చేరింది. పేరు కిషోర్ బాబు అనీ, ఊరు బెంగళూరు అనీ రాసింది. ఈ సంగతి అన్నకు తెలియదు.

గొడవ జరిగిన మర్నాడు ఉదయం మైకు ఫైలును అతనికి పంపింది. తను చెప్పిన "హలో, మైక్ టెస్టింగే" కదా అని విని చూడలేదు. వినాలన్నా ఆ ట్యాబ్‌కు నోరు లేదు.

సాయంత్రానికి జవాబు వచ్చింది.

"మైకు బాగా పని చేస్తోంది. చాలా బాగా. ఆదివారం లోపల అంతా అయిపోవాలంటే చాట్‌లో కుదరదు. కేబుల్ తీసుకుని నేనే వస్తాను. మాది కోట. మీ ఇందుకూరుపేటకు బైక్ మీద రెండు గంటలు పట్టదు."

మొదటిసారి తెలుగులో రాశాడు.

కెజియా ఆ జవాబును రెండోసారి చదివింది. ఆదివారం సంగతి తను చెప్పలేదు. ఇందుకూరుపేట అని చెప్పలేదు. తెలుగు అని కూడా చెప్పలేదు.

అన్న మాటే నిజమా?

వైఫై ఆపేసింది. పని చెయ్యని కెమెరా మీద ప్లాస్టరు అంటించింది. ట్యాబ్‌ను బియ్యం డబ్బా వెనక పెట్టి, మళ్ళీ తీసి, ఆఫ్ చేసి పెట్టింది. తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చుని అతను రాసిన కోడ్ అంతా మొదటినుంచి చదివింది. మనం ఎక్కడున్నామో చెప్పే ముక్క గానీ, దొంగతనంగా ఎక్కడికో పంపే ముక్క గానీ ఉందేమోనని వెతికింది. ఏమీ దొరకలేదు. అక్కడక్కడా అతను రాసి పెట్టుకున్న మాటలు మాత్రం ఉన్నాయి. ఇది నా ఊహ, సరైనదో కాదో తెలియదు. ఇక్కడ పొరపాటు నాది, మార్చాను.

మామూలుగా అయితే ఆ మాటలకు నవ్వుకునేది. ఇప్పుడు ఏమీ దొరకకపోవడమే ఆమెకు ఎక్కువ అనుమానంగా ఉంది.

జవాబు రాయలేదు. వద్దని మాత్రం ఎందుకు రాయలేదో ఆమెకే తెలియలేదు.

* * *

శనివారం మధ్యాహ్నం మైపాడు సముద్రం వైపునుంచి గాలి తిరిగి సన్నగా వాన పట్టుకుంది. గేటు ముందు బైకు ఆగింది. రెయిన్‌కోటు తనకు వేసుకోకుండా సంచికి చుట్టుకుని వచ్చిన మనిషి ఒకడు దిగాడు. నెత్తినుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కిషోర్ బాబు గారిల్లు ఇదేనా?"

"నేనే. ఏంది?"

అతను కిషోర్‌ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, వస్తున్న నవ్వును ఆపుకున్నాడు. "వందనాలన్నా. నా పేరు హెబ్రోను. టచ్ ఎట్టుంది ఇప్పుడు?"

"టచ్చా?"

"కుడి నొక్కితే ఎడమ పలుకుతుండాదన్నారు గదా."

కిషోర్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. "నాకే నొప్పులూ లేవబ్బా. మోకాళ్ళ నొప్పులు మా అవ్వకు. నిన్నెవురు పంపించినారు?"

తలుపు వెనక నిలబడిన కెజియాకు ఒక్కసారిగా నవ్వూ భయమూ వచ్చాయి. ఇక దాగి లాభం లేదని బయటికి వచ్చింది.

"ఆయన నాకోసం వచ్చినాడన్నా. ఇంటర్నెట్‌లో కిషోర్ బాబంటే నేనే."

"నువ్వు నేనెప్పుడయినావే?"

"నాలుగు నెలలయింది."

అతను ఆమెను చూసిన చూపులో ఆశ్చర్యం లేదు. అది కెజియా గమనించింది. నేను ఆడపిల్లనని ఇతనికి ముందే తెలుసు, అనుకుంది. అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

వచ్చిన మనిషిని వానలో నిలబెట్టడం ఏసుమణికి చేతకాదు. తువ్వాలు ఇచ్చింది, టీ ఇచ్చింది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు.

"ఏ సంఘం మీది?" అంది ఏసుమణి.

"కోటలో లూథరన్ చర్చి ఆంటీ."

"ఏం చేస్తావు?" అన్నాడు లాజరస్.

"రొయ్యల గుంటల కాడ నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లకు కరెంటు ప్యానెళ్ళు బిగిస్తా సార్. నీళ్ళల్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించేదానికి తెరలు కావాల. పాత సామాన్ల అంగట్లో ఈ ట్యాబ్ ఒకటి తూకానికి దొరికింది. అట్ట మొదలుపెట్టినా."

లాజరస్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "అంటే మా చర్చి ట్యాబ్‌లు రేపు పాత సామాన్లకు పోతాయని తెలిసి, వాటికోసం వచ్చినావా?"

"వాటికోసమైతే రేపు అంగడికే పోయేవాణ్ణి గద సార్."

అది సమాధానంలాగే ఉంది. అయినా ఎవరి మొహమూ విచ్చుకోలేదు.

కెజియా సూటిగా అడిగింది. "ఇందుకూరుపేట అని మీకెట్ట తెలిసింది? ఆదివారం అని ఎవురు చెప్పినారు?"

హెబ్రోను టీ గ్లాసు వైపు చూశాడు. "ముందు పని చేద్దాం. తర్వాత చెప్తా."

"చూసినావా," అన్నాడు కిషోర్, చెల్లెలి వైపు తిరిగి.

హెబ్రోను సంచిలోంచి పొడి గుడ్డలో చుట్టిన, ట్యాబ్‌ను లాప్‌టాప్‌కు కలిపే కేబుల్ తీశాడు. ట్యాబ్ వెనక మూత తీసి, కెజియా ఊడదీసిన అద్దం అంచును వేలితో తడిమాడు. "ఉప్పు మూటతో ఇంత శుభ్రంగా ఊడదీసినోళ్ళను నేను చూళ్ళేదు."

ఏసుమణి చటుక్కున తలెత్తింది. "ఉప్పు మూటని నీకెవురు చెప్పినారు?"

అతను వినపడనట్టు లాప్‌టాప్ మీదకు వంగాడు. అరగంట సేపు ఇద్దరి తలలూ ఒకే తెర మీదకు వంగి ఉన్నాయి. కెజియా ఒక లైను చూపించి "ఇది తప్పేమో" అంది. అతను చూసి "అవును, తప్పు నాదే" అన్నాడు. మంచం మీద అవ్వ కోడలి వైపు చూసింది.

ట్యాబ్‌లోంచి టప్ మని చిన్న చప్పుడు వచ్చింది. నాలుగు నెలల మూగతనం పోయింది.

"పలికింది," అంది కెజియా. అనుమానం ఒక్క నిమిషం మరిచిపోయి అతని వైపు చూసి నవ్వింది.

"ఏదీ, ఒక పాట పెట్టు విందాం," అన్నాడు లాజరస్.

"పాటల్లేవు నాయనా. నా మైక్ టెస్టింగ్ ఒకటే ఉండాది." వేలు చాపింది.

హెబ్రోను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "అది వద్దు. నా ఫోన్లోంచి కీర్తన ఒకటి ఎక్కిస్తా."

అందరూ అతని చేతివైపే చూశారు.

"ఎందుకొద్దు?" అన్నాడు కిషోర్. "ఏముంది దాంట్లో? నాకు ముందునుంచీ అనుమానమే." చెయ్యి తోసేసి తనే నొక్కాడు.

"హలో, మైక్ టెస్టింగ్," అంది ట్యాబ్ కెజియా గొంతుతో. ఆ వెంటనే ఏసుమణి గొంతు. "అది అవ్వ మోకాళ్ళకు కాపడం పెట్టే ఉప్పు మూట."

ఏసుమణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కిషోర్ గొంతు ముక్కూ మొహం తెలియనోణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ముక్కూ మొహం ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని గచ్చు వైపు చూస్తున్నాడు. కిషోర్ ఆపడానికి కుడివైపు నొక్కాడు. ఎడమవైపు పలికి శబ్దం పెరిగింది. మళ్ళీ నొక్కాడు. ఇంకా పెరిగింది.

"అయితే వాణ్ణే చేసుకోరాదా," అంది ట్యాబ్‌లోని అవ్వ, పక్కింటికి వినపడేట్టు.

"మనిషి కళ్ళబడితే చేసుకుంటా."

హెబ్రోను కేబుల్ పీకేశాడు. అయినా కృపాదానం గారు లాజరస్ సారును పిలిచి, ఆదివారం, ఇందుకూరుపేట అన్నీ చెప్పిగానీ ఆగలేదు.

వాన చప్పుడు మళ్ళీ వినిపించింది.

"మీరే పంపించినారు," అన్నాడు హెబ్రోను కెజియాతో మెల్లగా. "మీకు తెలియకుండా పంపినారని రెండు మాటలకే తెలిసిపోయింది. ఆపెయ్యాల్సింది. మొత్తం విన్నా. దాంట్లో విన్న లాజరస్ సారు పేరు అడిగే ఈ ఇల్లు పట్టుకున్నా. ముందే చెప్పాల్సింది, నోరు రాలా. తప్పు నాదే."

అవ్వ ఫక్కున నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

ఏసుమణి మాత్రం వదల్లేదు. "సరే అబ్బయ్యా, ఒకటి చెప్పు. నువ్వు ఆ ట్యాబ్ కోసం వచ్చినావా, ఆ చివరి మాట విని వచ్చినావా?"

హెబ్రోను పీకిన కేబుల్‌ను వేలికి చుట్టుకున్నాడు. జుట్టులోంచి ఒక నీటి చుక్క జారి ముక్కు మీద ఆగింది.

"తెలియదాంటీ," అన్నాడు.

* * *

గేటు దాకా కెజియా గొడుగు పట్టుకుని వెళ్ళింది. అతనికి కాదు, సంచికి పట్టింది.

"కోట అని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"బెంగళూరు కిషోర్‌కు కోట ఎందుకులే అనుకున్నా. నాకు మాత్రం అనుమానం లేదనుకుంటుండారా? వాయుగుండం గాలికి కరెంటు పోయిందని మీరు రాసిన రోజు బెంగళూర్లో ఎండ. నేను చూసినా."

"అయితే అప్పట్నించే కనిపెడుతుండారా?"

"అప్పట్నించి ఎదురు చూస్తుండా."

కెజియా ఒక్క క్షణం గొడుగును సంచి మీదనుంచి అతని మీదకు జరిపింది. తర్వాత ఏదో అడిగింది. అతను తల ఊపాడు.

రాత్రి అన్నాల దగ్గర మళ్ళీ చర్చ మొదలైంది. మంచోడే అనిపిస్తుండాడని లాజరస్, అనిపించేట్టు మాట్లాడుతుండాడని కిషోర్. కోట చర్చిలో తెలిసినవాళ్ళెవరున్నారా అని ఏసుమణి వేళ్ళ మీద లెక్కపెడుతోంది.

కెజియా అప్పటికే తిని లేచింది. తను అవ్వ మంచం కొసన కూర్చుని కొత్త గుడ్డ ముక్కలో ఉప్పు పోసి మూట కుడుతోంది. మూతి కుట్టి, ముడి వేసి, దారం పంటితో కొరికింది.

"నాయనా," అంది, తల ఎత్తకుండా. "ట్యాబ్‌లు పాత సామాన్లకు వెయ్యొద్దని రేపు కమిటీలో నేనే చెప్తా, పనిచేసే ట్యాబ్ చూపించి. కమిటీ అయినాక ఆయన వాళ్ళమ్మానాయనలతో మనింటికి వస్తుండాడు. నేనే రమ్మన్నా."

ముద్ద కలుపుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

కెజియా లేచి మూటను అవ్వ మోకాలి మీద పెట్టి చూసి, వేడి చేసుకురావడానికి వంటింట్లోకి వెళ్ళింది.