నిండా పోసిన పెట్టె

“రైలు పెట్టెల్లో ఎంత వెలితి ఉంచావమ్మా?” అని అడిగాను.

“వెలితెందుకు, వెర్నా గారూ? అంచులదాకా పోశాగా!” అంది మార్లిస్.

నా పైప్రాణం పైనే పోయింది.

వాళ్ళ ఊళ్ళో పెద్ద రైలుమార్గం. గోధుమలు నిండా పోస్తారు. మా కాన్సస్ రాష్ట్రం మూలనున్న చిన్న లైను మీద మాత్రం ఈ కొత్త పెద్ద పెట్టెల్లో మూరెడు వెలితి ఉంచాలి. పాత పట్టాలూ, కర్ర వంతెనా అంత బరువు మోయవు. మా గిడ్డంగిలో కొత్తగా చేరిన ఈ పిల్లకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. వాటిని లాక్కుపోయింది ఇంజను నడిపే నా కొడుకు గ్రేడీ! డిపోకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు.

“బండెక్కండి!” అంటూ మార్లిస్ పికప్ తీసింది.

దారంతా వంతెన విరిగిన చప్పుడే నా చెవుల్లో. అదృష్టం, మా లైను మీద రైలు సైకిలు కన్నా నెమ్మది. నది మలుపు దగ్గర అందుకున్నాం. మార్లిస్ దిగి ఇంజను పక్కనే పరుగు తీసింది.

గ్రేడీ కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. “సినిమాకి రమ్మంటే రానన్నావు, ఇప్పుడు రైలు వెంట పరుగా?”

“ఆపు, దద్దమ్మా! పెట్టెలన్నీ నిండా పోశాను!”

వాడి నవ్వు ఆరిపోయింది. బ్రేకులు కీచుమన్నాయి. వంతెనకి కాస్త ఇవతల ఇంజను ఆగింది.

“ఎవరికీ చెప్పకు, నీ ఉద్యోగం పోతుంది,” అన్నాడు దిగొచ్చి.

“నీ ప్రాణం పోయుంటే?” అంది. కళ్ళనిండా నీళ్ళు.

ఆ సాయంత్రమే కౌంటీ పాలకమండలి సమావేశం. లైను మరమ్మతుకి రాష్ట్రం సొమ్ము ఇస్తానంది, కౌంటీ తన వాటా వేస్తేనే. ముగ్గురు సభ్యుల్లో ఒకరు సరే, ఒకరు వద్దు. మూడో ఆయన రైతు ఆర్లో. తల గోక్కుంటున్నాడు.

మార్లిస్ లేచింది. ఉద్యోగం పోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను.

“ఇవాళ పెట్టెలు నిండా పోసిన తప్పు నాదే. మా ఊళ్ళో అయితే అది తప్పే కాదు. మీ గోధుమలు సగం దారిలో నదిలో పడకూడదంటే పట్టాలు మార్చండి. ఆ రైలు నడిపేవాడు నాక్కావాలి.”

హాలంతా గొల్లున నవ్వింది. గ్రేడీ చెవులు ఎర్రబడ్డాయి. ఆర్లో నవ్వాపుకుంటూ సరేనని చెయ్యెత్తాడు.

బయటికొచ్చాక గ్రేడీ గొణిగాడు. “అయితే... పెళ్ళి మాట అడగనా?”

“కొత్త వంతెన కట్టాక, దాని మీద నిలబడి అడుగు,” అంది మార్లిస్.

“వంతెన మీదా? వద్దు నాయనా!” అన్నాను. “ఇక్కడే, నేల మీదే అడిగెయ్యరా!”